‘ఏం లేదు మేడమ్’ అనే పిల్లవాడి కోసం స్కూలు ఏం చేయగలదు?

ప్రశ్న:
నేను హైస్కూల్లో పనిచేస్తున్నాను, తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్‌ని. మా క్లాసులో ఒక అబ్బాయి నిరుటి దాకా బాగా చదివేవాడు, అందరితో కలిసిమెలిసి ఉండేవాడు. ఈ ఏడాది మనిషే మారిపోయాడు. క్లాసులో నిద్రపోతాడు, హోంవర్క్ చేయడు, ఎవరైనా చిన్న మాటంటే మీదికి పోతాడు. వాళ్ళ నాన్నకు పని పోయిందనీ, అప్పులున్నాయనీ, ఇంట్లో రోజూ గొడవలేననీ మా స్కూల్లోనే చదివే వాళ్ళ చెల్లి చెప్పింది. ఫీజు బాకీ ఉంది. పోయిన వారం ఒక కుర్రాడు అందరి ముందూ ‘మీ నాన్న అప్పులవాళ్ళకు కనపడకుండా తిరుగుతున్నాడంట కదా’ అన్నాడు. వీడు కొట్టాడు, ఆ కుర్రాడి పెదవి చిట్లింది. సస్పెండ్ చేద్దామని హెడ్‌మాస్టర్ అంటున్నారు. నేను పిలిచి అడిగితే ‘ఏం లేదు మేడమ్’ అంటాడు తప్ప నోరు విప్పడు. డైరీలో రాసి పంపినా తల్లిదండ్రులు పలకరు. ఫీజు నేనే కట్టేద్దామా అని కూడా అనిపిస్తోంది. నేనేం చేయగలను?

సమాధానం:
ముందు సస్పెన్షన్ సంగతి చూద్దాం. అది ఒకటి రెండు రోజుల్లో తేలిపోతుంది, మిగతావాటికి కాస్త వ్యవధి ఉంది. హెడ్‌మాస్టర్ గారితో ఇవాళే మాట్లాడండి. శిక్షే వద్దని మాత్రం అడగకండి. ఒక పిల్లవాడికి రక్తం వచ్చింది, వాడి తల్లిదండ్రులకు స్కూలు జవాబు చెప్పాలి. కొట్టినా ఏమీ కాదని మిగతా క్లాసు అనుకోకూడదు. కానీ సస్పెండ్ చేస్తే ఈ అబ్బాయి పగలంతా ఎక్కడ ఉంటాడు? ఏ గొడవలు వాడినిలా చేశాయో ఆ ఇంట్లోనే, పని లేక కూర్చున్న తండ్రి కళ్ళెదుటే ఉంటాడు. ‘ఉన్న కష్టాలు చాలవని నువ్వొకడివి’ అన్న మాట వాడికి ఆ రోజే పడుతుంది. వెనకబడిన పాఠాలు ఇంకా వెనకబడతాయి. హెడ్‌మాస్టర్ గారికి ఇది చెప్పి, స్కూల్లోనే ఉంచి వేసే శిక్ష అడగండి. కొన్నాళ్ళు ఆటల పీరియడ్ లేకుండా లైబ్రరీలో పని చేయడం, ఆ సమయంలోనే ఆగిపోయిన నోట్స్ పూర్తి చేయడం లాంటిది. శిక్ష ఎన్నాళ్ళో ముందే చెప్పాలి. ఎప్పుడు ముగుస్తుందో తెలియని శిక్ష పిల్లల్ని మొండిగా చేస్తుంది.

ఇక ఆ ఇద్దరు కుర్రాళ్ళ సంగతి. క్లాసు ముందు నిలబెట్టి ‘సారీ చెప్పు, చేతులు కలపండి’ అనిపించడం మన స్కూళ్ళలో బాగా అలవాటు. దయచేసి అది చేయకండి. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి వినండి. ఏం జరిగింది, అప్పుడు నీకేమనిపించింది, దీనివల్ల ఎవరికి నొప్పి కలిగింది, ఇప్పుడు సరిచేయాలంటే నువ్వేం చేయాలి, ఈ నాలుగూ అడిగితే చాలు. ‘ఎందుకు కొట్టావ్’ అని మాత్రం అడగకండి. ‘ఎందుకు’ అనగానే పిల్లలకు కోర్టులో నిలబడినట్టు ఉంటుంది, ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోవాలని చూస్తారు. ఇద్దరూ సిద్ధంగా ఉన్నారని మీకు అనిపించాకే ఎదురెదురుగా కూర్చోబెట్టండి. అప్పుడు కూడా గదిలో మీ ముగ్గురే ఉండాలి.

మాట అన్న కుర్రాణ్ణి వదిలేయకండి. దెబ్బ తిన్నాడు కాబట్టి వాడు తప్పే చేయలేదన్న భావన క్లాసులో మిగలకూడదు. వాడికి ఆ అప్పుల కబురు ఎక్కడిది? ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే విని ఉంటాడు, దాని బరువేమిటో తెలియక అనేసి ఉంటాడు. ‘ఒకరింట్లో కష్టం వచ్చినప్పుడు దాన్ని క్లాసులో ఎత్తిచూపితే అవతలివాడికి ఎలా ఉంటుందో ఆలోచించు’ అని నెమ్మదిగా చెప్పండి. చాలామంది పిల్లలకు ఒక్కసారి చెబితే అర్థమవుతుంది.

మీ విద్యార్థి లోపల ఏం జరుగుతోందో ఇప్పుడు చూద్దాం. డబ్బు కష్టం పిల్లల దగ్గరికి చాలావరకు పెద్దవాళ్ళ మీదుగా వస్తుంది. 1980ల్లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వ్యవసాయం దెబ్బతిని ఎన్నో కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోయాయి. రాండ్ కాంగర్ అనే పరిశోధకుడూ ఆయన బృందమూ 1989 నుంచి అక్కడి 451 కుటుంబాలను ఏళ్ళ తరబడి గమనించారు. అన్నీ ఏడో తరగతి పిల్లలున్న ఇళ్ళే. కట్టాల్సినవి కట్టలేకపోవడం ముందు తల్లిదండ్రులను కుంగదీసింది. ఆ కుంగుబాటు ఇద్దరి మధ్య గొడవలుగా బయటపడింది. ఆ విసుగులో పిల్లల్ని కసురుకోవడం, లేదంటే అసలు పట్టించుకోకపోవడం మొదలైంది. పిల్లల చదువూ ప్రవర్తనా పాడైంది ఎక్కువగా ఈ దారిలోనే. ఆ కుటుంబం అప్పు తీర్చడం మీ చేతిలో లేదు. పిల్లవాడిని కసరకుండా, పట్టించుకుంటూ ఉండే పెద్దమనిషి రోజులో కొన్ని గంటలైనా వాడికి దొరకడం మాత్రం మీ చేతిలో ఉంది.

తల్లిదండ్రుల గొడవల గురించి పనిచేసిన పరిశోధకులు మరో సంగతి గమనించారు. పిల్లలు గొడవను ఊరికే చూస్తూ ఉండరు, దానికి అర్థం వెతుక్కుంటారు. ‘ఇది ఎక్కడికి దారితీస్తుంది’, ‘ఇదంతా నా వల్లేనా’ అన్న రెండు ప్రశ్నలూ వాళ్ళను తొలుస్తుంటాయి. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం లాంటి మాటలు గొడవలో వినిపిస్తే రెండో ప్రశ్నకు జవాబు దొరికిందనుకుంటారు. నా ఖర్చు వల్లే అమ్మానాన్నలు కొట్టుకుంటున్నారు, నేను చదువు మానేస్తే సరిపోతుంది అనుకుంటారు. మీ విద్యార్థి హోంవర్క్ మానేయడం వెనక ఈ ఆలోచన ఉందేమో గమనించండి. చదువు మీద ఇష్టం పోయిన పిల్లవాడికీ, తన చదువు ఇంటికి భారమని నమ్మే పిల్లవాడికీ బయటికి ఒకే లక్షణాలుంటాయి. క్లాసులో నిద్ర కూడా అలాంటిదే. ఆ వయసు పిల్లలకు రాత్రి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పక్క గదిలో గొంతులు లేస్తుంటే ఏ పిల్లవాడూ నిద్రపోడు, గొడవ ఎక్కడ ఆగుతుందో తెలిసేదాకా మెలకువగానే ఉంటాడు.

‘ఏం లేదు మేడమ్’ అన్న మాటకు వద్దాం. అది వాడు మీకు చెబుతున్న అబద్ధమని అనుకోకండి. ఇంటి సంగతులు బయట చెప్పకూడదని వాడికి ఎవరో చెప్పి ఉంటారు, చెప్పకపోయినా వాడికే తెలుసు. తండ్రి పరువు కోసం తోటివాణ్ణి కొట్టిన పిల్లవాడు అదే తండ్రి గురించి మీ దగ్గర ఫిర్యాదు చేయడు. అందుకే ఇంటి గురించి అడగకండి. వాడి గురించి మాట్లాడండి. స్టాఫ్ రూముకి పిలవకండి, అక్కడ అందరూ తలెత్తి చూస్తారు. నోట్‌బుక్కులు మోసుకెళ్ళే పని చెప్పి పక్కన నడుస్తూ మాట్లాడండి. ఎదురుగా కళ్ళలోకి చూస్తూ అడిగితే రాని మాట పక్కపక్కన నడుస్తుంటే వస్తుంది. ‘ఈమధ్య నువ్వు అలసిపోయినట్టు కనిపిస్తున్నావు. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే లేదు. నీకు ఏ పీరియడ్ బాగా కష్టంగా ఉంటోందో అదొక్కటి చెప్పు, దాన్ని తేలిక చేద్దాం.’ ఇంతే. మొదటి రోజు వాడు ఏమీ చెప్పకపోవచ్చు. మీరు మళ్ళీ రెండు మూడు రోజులకు అంతే మామూలుగా పలకరించండి. వాడు మిమ్మల్ని పరీక్షిస్తుంటాడు. ఒకసారి ‘ఏం లేదు’ అన్నాక కూడా ఈవిడ వస్తుందా రాదా అని చూస్తాడు.

నోరు విప్పిన రోజున కొన్ని గుర్తుంచుకోండి. ‘మీ నాన్న అలా చేయకుండా ఉండాల్సింది’ అని తల్లిదండ్రులనెవరినీ తప్పు పట్టకండి. ‘నువ్వే పెద్దవాడివి, అమ్మను నువ్వే చూసుకోవాలి’ అనకండి. మంచి మనసుతో అనే మాటే అయినా పద్నాలుగేళ్ళ పిల్లవాడి మీద ఇంటి మొత్తాన్ని పెట్టేసినట్టవుతుంది. ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకండి, రేపు ప్రమాదం ఉందని తెలిస్తే చెప్పాల్సి వస్తుంది. ‘నీకు దెబ్బ తగిలే పరిస్థితి ఉంటే తప్ప ఎవరికీ చెప్పను, చెప్పాల్సి వస్తే ముందు నీకే చెబుతాను’ అనండి. వాడికి ఒక సంగతి మాత్రం తేటగా, ఒకసారికి రెండుసార్లు చెప్పండి: అప్పులు, పని పోవడం, గొడవలు పెద్దవాళ్ళ విషయాలు, నీవల్ల వచ్చినవి కావు, నువ్వు ఆపగలిగినవీ కావు, నువ్వు చదువుకోవడం వల్ల అవి పెరగవు.

ఇంటికి సాయపడాలన్న కోరిక వాడికి ఉంటే దాన్ని కొట్టిపారేయనక్కర్లేదు. 1930ల ఆర్థిక మహామాంద్యంలో పెరిగిన అమెరికాలోని కాలిఫోర్నియా పిల్లలను గమనించిన గ్లెన్ ఎల్డర్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆ రోజుల్లో టీనేజీలో ఉన్నవాళ్ళు ఇంటిపనీ చిన్నచిన్న సంపాదన పనులూ మీదేసుకుని, అందువల్ల బాధ్యత నేర్చుకున్నారని చూశాడు. వాడి వయసుకు తగ్గ పని, చదువుకు అడ్డం రాని పని మంచిదే. చెల్లికి లెక్కలు చెప్పడం, ఇంట్లో ఒక పని పూర్తిగా తనదే అనుకుని చేయడం లాంటివి చేయనివ్వండి. అప్పులవాళ్ళకు జవాబు చెప్పడం, అమ్మానాన్నల మధ్య కబుర్లు మోయడం, గొడవలో అడ్డం నిలబడడం మాత్రం వాడి పనులు కావు.

ఇప్పుడు ఫీజు. దీని గురించి కాస్త గట్టిగానే మాట్లాడతాను. ఫీజు బాకీ ఉన్న పిల్లల పేర్లు క్లాసులో చదవడం, వాళ్ళను లేపి నిలబెట్టడం, ‘మీ నాన్నకు చెప్పు’ అని అందరి ముందూ పిల్లల చేత కబురు పంపడం, పరీక్ష ముందు హాల్‌టికెట్ ఆపడం, ఇవన్నీ పిల్లల మీద క్రూరత్వమే. బాకీ పెద్దవాళ్ళది, సిగ్గు పడుతున్నది పిల్లలు. ఆ కుర్రాడు వాళ్ళ నాన్న గురించి అన్నది ఒక్క మాటే. ఫీజు కోసం నిలబడిన ప్రతిసారీ స్కూలు అదే మాట అందరికీ వినపడేలా అంటున్నట్టే కదా. మీ స్కూల్లో ఇలాంటి పద్ధతి ఉంటే మీ క్లాసు వరకైనా ఇవాళ్టితో ఆపేయండి. ఫీజు సంగతి స్కూలు ఆఫీసుకూ తల్లిదండ్రులకూ మధ్యే, మూసిన కవర్లోనో ఫోన్లోనో జరగాలి. ఎక్స్‌కర్షన్లు, ప్రాజెక్టు సామాన్లు, పుట్టినరోజు చందాలు కూడా ఒకసారి చూడండి. ‘డబ్బు తేనివాళ్ళు చేతులెత్తండి’ అని నోటికి వచ్చేసే మాట ఎవరినైనా సరే చిన్నబుచ్చుతుంది.

మీ జేబులోంచి కట్టాలా అని అడిగారు. వద్దంటాను. మీ మనసు మంచిది, కానీ ఒకసారి కట్టాక వచ్చే టర్ము సంగతేమిటన్న ప్రశ్న వస్తుంది. కట్టారని తెలిస్తే తండ్రి మిమ్మల్ని కలవడానికి ఇంకా సిగ్గుపడతాడు. పిల్లవాడికి తెలిస్తే మీతో నిజం చెప్పే చనువు పోయి, రుణపడ్డానన్న ఇబ్బంది మిగులుతుంది. స్కూలు ద్వారా చేయండి. వాయిదాల్లో కట్టే వీలు, రాయితీ, స్కాలర్‌షిప్ ఏవున్నాయో ఆఫీసులో అడిగి, దరఖాస్తు కాగితాలు నింపి, సంతకం ఎక్కడ పెట్టాలో గుర్తు పెట్టి మరీ ఇవ్వండి. కష్టంలో ఉన్నవాళ్ళకు నాలుగు పేజీల ఫారం కొండంత పని. మీరు సొంత డబ్బే ఇవ్వాలనుకుంటే, అవసరమున్న పిల్లలందరి కోసం స్కూల్లో ఉండే నిధిలో మీ పేరు లేకుండా వేయండి.

తల్లిదండ్రులు పలకడం లేదని రాశారు. వాళ్ళకు పట్టింపు లేదనుకోవడానికి ముందు ఒకటి ఆలోచించండి. తమిళనాడులో చెరకు రైతుల మీద జరిగి 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, అదే రైతు కోతకు ముందు చేతిలో డబ్బు లేని రోజుల్లో ఆలోచనకు సంబంధించిన పరీక్షల్లో వెనకబడ్డాడు, కోత తర్వాత డబ్బు వచ్చాక మెరుగ్గా చేశాడు. మనిషి తెలివి మారలేదు. మనసంతా డబ్బు చింతే ఆక్రమించినప్పుడు మిగతావాటికి చోటు మిగలలేదు. డైరీలో మీ రాత చూసి రేపు చూద్దాంలే అనుకుని మర్చిపోయే తండ్రి పరిస్థితి అదే అయ్యుండొచ్చు. పైగా స్కూలు నుంచి వచ్చే ప్రతి కబురూ ఫీజు గురించో ఫిర్యాదో అయితే ఆ డైరీ తెరవాలంటేనే భయం వేస్తుంది. కాబట్టి మొదటి ఫోను మంచి సంగతితో చేయండి. వాడు చేసిన ఏదైనా ఒక నిజమైన మంచి పని చెప్పి పెట్టేయండి. ఫీజు మాట ఎత్తకండి. రెండోసారి ఫోను చేసినప్పుడు ఎత్తుతారు.

వాళ్ళు వచ్చినప్పుడు మిగతా తల్లిదండ్రులు లేని సమయం ఇవ్వండి, మీరు బల్లకు అవతలా వాళ్ళు ఇవతలా కూర్చోకండి. ఇంటి గొడవల గురించి తీర్పులేం వద్దు. ఒక్క విషయం మాత్రం చెప్పొచ్చు, ఇది వాళ్ళకు ఊరటనిచ్చే మాట కూడా. తల్లిదండ్రుల గొడవలు చూసిన పిల్లల మీద మార్క్ కమ్మింగ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలా ఏళ్ళు పనిచేశారు. గొడవ ఎలాగో ఒకలా సర్దుకుందని పిల్లలకు తెలిస్తే వాళ్ళ కలవరం బాగా తగ్గుతుందని ఆయన చూశారు. సర్దుకోవడం తలుపు వెనక జరిగినా, తర్వాత పిల్లలకు చెబితే చాలు. అందుకని ‘అసలు గొడవ పడకండి’ అని చెప్పే బదులు, ‘రాత్రి మాటామాటా అనుకుంటే పొద్దున పిల్లలకు ఒక్క మాట చెప్పండి, మేం మాట్లాడుకున్నాం, మీరేం చేయనక్కర్లేదు అని’ అనండి. పని పోయిన సంగతి పిల్లలకు దాచి ఉంచడం కన్నా, కొన్నాళ్ళు ఏయే ఖర్చులు తగ్గుతాయో, ఏవి తగ్గవో సూటిగా చెప్పడం మేలని కూడా చెప్పండి. తెలియనిదాన్ని పిల్లలు ఇంకా పెద్దదిగా ఊహించుకుంటారు.

క్లాసులో చేయగలిగినవి చిన్నచిన్నవే. కోపం వస్తోందనిపించినప్పుడు ఎవరినీ అడగకుండా బయటికి వెళ్ళి నీళ్ళు తాగి రావడానికి వాడికి అనుమతి ఇవ్వండి. దానికో గుర్తు పెట్టుకోండి, బల్ల మీద పెన్ను అడ్డంగా పెట్టినా చాలు. మిగతా టీచర్లకు ఇంటి వివరాలేవీ చెప్పకుండా ‘కొన్నాళ్ళు వీడిని ఇలా వెళ్ళనివ్వండి’ అని మాత్రం చెప్పండి. హోంవర్క్ స్కూల్లోనే పూర్తి చేసుకునే వీలు కల్పించండి, వెనకబడినదంతా ఒకేసారి అడగకండి. ముఖ్యమైన రెండు సబ్జెక్టులతో మొదలుపెడితే మిగతాది తర్వాత అందుకుంటాడు. స్టాఫ్ రూములో వాడి ఇంటి సంగతి చర్చకు వస్తే అక్కడే ఆపేయండి. ఆ గదిలో అనుకున్న మాటలు పిల్లల చెవుల్లో పడడానికి ఎంతోసేపు పట్టదు.

చెల్లిని మర్చిపోకండి. అన్న గొడవ పడుతున్నాడు కాబట్టి అందరికీ కనిపిస్తున్నాడు. ఆ పిల్లా అదే ఇంట్లో ఉంటోంది, మీ దగ్గరికి వచ్చి చెప్పిందంటే ఎంతో ధైర్యం చేసింది. తను చెప్పిందని అన్నకు తెలియనివ్వకండి. బుద్ధిగా, మౌనంగా ఉండే పిల్లలకు బాధ లేదని మనం తేలిగ్గా అనుకుంటాం. వాళ్ళ క్లాస్ టీచర్‌తో చెప్పి ఆ అమ్మాయినీ కనిపెట్టుకుని ఉండమనండి.

కొన్ని కనిపిస్తే మాత్రం మీరొక్కరే మోయకండి. ఒంటి మీద దెబ్బలు, ఇంటికి వెళ్ళాలంటే భయం, ‘నేను లేకపోతే బాగుంటుంది’ లాంటి మాటలు, తనను తాను గాయపరచుకోవడం, రోజుల తరబడి స్కూలుకు రాకపోవడం, అప్పులవాళ్ళు పిల్లల్ని బెదిరించడం. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే హెడ్‌మాస్టర్‌కూ, స్కూలు కౌన్సెలర్ ఉంటే వారికీ, పిల్లల హెల్ప్‌లైన్‌కూ చెప్పాలి. చనిపోవాలనుందా అని పిల్లవాడిని సూటిగా అడగడానికి జంకకండి. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. వాడు అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంకో పెద్దవాళ్ళు వచ్చేదాకా పక్కనే ఉండండి.

మీరు చేసేది సరిపోతుందా అన్న సందేహం మీ ఉత్తరంలో అడుగడుగునా ఉంది. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తా ఆమె సహచరులూ దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో కలహాలు లాంటి కష్టాలెన్నో ఒకేసారి మీద పడిన పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది సమర్థులుగా, ఇతరుల పట్ల శ్రద్ధ ఉన్న మనుషులుగా ఎదిగారు. వాళ్ళ జీవితాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించిన సంగతుల్లో ఒకటి, తమను పట్టించుకున్న పెద్దమనిషి ఒకరైనా ఉండడం. కొందరికి ఆ మనిషి ఒక టీచరు.

ముందు హెడ్‌మాస్టర్ గారిని కలవండి, తర్వాత ఆ ఇంటికి మంచి కబురుతో ఒక ఫోను చేయండి. పిల్లవాడితో మాట్లాడడానికి ఈ వారం చివరిదాకా ఆగినా ఫర్వాలేదు. శిక్ష సంగతి తేలాక, అది వాడికి తెలిశాక మాట్లాడితే, మీరు తప్పు ఒప్పించడానికి వచ్చారన్న అనుమానం వాడికి ఉండదు.